పదహారు గంటల విమానం

పోయిన వారం రేవతిని ల్యాబ్ అల్మారా ముందు, చేతిలో ఫైలుతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఆమె దగ్గరికి వెళ్ళే ముందు, సంగతి మరిచినవాళ్ళ కోసం నాలుగు మాటలు.

రేవతి తొమ్మిదేళ్ళుగా పద్మనాభయ్య గారి రొయ్యల హ్యాచరీలో ల్యాబ్ చూస్తోంది. తల్లి రొయ్యల చేత గుడ్లు పెట్టించి, పిల్లను పెంచి రైతుల గుంటలకు పంపడం ఆ హ్యాచరీ పని. పిల్ల మంచిదని సంతకం పెట్టడం రేవతి పని. ఆమె భర్త శివశంకర్‌కు అల్లూరు దగ్గర రెండు గుంటలుండేవి. భార్య సంతకం ఉన్న పిల్ల కదా అని ఫిబ్రవరిలో ఇక్కడి పిల్లనే తీసుకుపోయి వేశాడు. ఏప్రిల్‌లో తెల్లమచ్చ జబ్బు తగిలింది. మిగిలిందైనా దక్కించుకుందామని తడి కాళ్ళతో, నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటరు దగ్గరికి పోయి, కరెంటు కొట్టి గట్టు మీదే ప్రాణం వదిలాడు. ఆ కాలవ పొడుగునా ఇంకో పదమూడు గుంటలు పోయాయి. శివశంకరే జబ్బు నీళ్ళు కాలవలోకి వదిలాడని, వాడి వల్లే అందరి కొంపలూ మునిగాయని ఊరు తీర్మానించింది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. శివశంకర్‌కు ఆ మర్యాద కూడా దక్కలేదు. అతని తల్లి పిచ్చమ్మ చిల్లర కొట్టుకు పోతే పక్కనున్న ఆడవాళ్ళు ముఖం తిప్పుకుంటున్నారు.

రేవతి మాత్రం ఏడవలేదు. మూడో నెలలో తిరిగి డ్యూటీలో చేరింది. అన్నం పెడితే తినేది, కాగితం పెడితే సంతకం చేసేది. బాధగా ఉందా అని ఎవరైనా అడిగితే ఆలోచించి, తెలియడం లేదని చెప్పేది. అది నిజమే.

సోమవారం తనిఖీకి అధికారులు వస్తున్నారు, ముప్పై ఒకటో బ్యాచ్ ఫైలు తీసి పెట్టమని శనివారం పొద్దున పద్మనాభయ్య గారు ఫోన్ చేశారు. శివశంకర్ వేసింది ఆ బ్యాచ్ పిల్లే. ఫైలు తెరిస్తే రెండో కాగితం తల్లి రొయ్యల ప్రయాణ చీటీ. దాని దగ్గరే ఆమె కళ్ళు ఆగిపోయాయి.

బయలుదేరిన చోటు హోనొలులు, చేరిన చోటు చెన్నై. దూరం పన్నెండు వేల ఆరు వందల కిలోమీటర్లు. ప్రయాణ సమయం పదహారు గంటలు.

ఇందులో అంతగా చూడాల్సిందేముంది అని మీకనిపించవచ్చు. రేవతికి అనిపించదు. జబ్బు లేని తల్లులు హవాయి దీవుల నుంచి వస్తాయి. అక్కడివాళ్ళు వాటిని ఒక రోజు పస్తుంచి, చల్లటి ఉప్పునీళ్ళ సంచుల్లో ఆక్సిజన్ నింపి, పెట్టెల్లో సర్ది విమానం ఎక్కిస్తారు. అక్కడి నుంచి చెన్నైకి ఒకే విమానం లేదు. రెండు చోట్ల దిగాలి, రెండు చోట్ల ఎదురుచూడాలి, మళ్ళీ ఎక్కాలి. ఆ తర్వాత చెన్నైలో కొన్నాళ్ళు క్వారంటైన్. అది కూడా అయ్యాక హ్యాచరీ డ్రైవర్ షాహుల్ వ్యాన్ వేసుకుపోయి తీసుకొస్తాడు. రేవతి చూసిన ప్రతి చీటీలోనూ ప్రయాణం ముప్పై ఎనిమిది గంటలో, నలభై ఒకటో ఉండేది. ఒకసారి నలభై ఏడయితే సగం తల్లులు సంచుల్లోనే పోయాయి. ఇక దూరం అనే గడిని ఇన్నేళ్ళలో ఎవరూ నింపినట్టే ఆమె చూడలేదు. సంచిలో నీళ్ళు ఎన్ని గంటలు పాడవకుండా ఉంటాయన్నదే ముఖ్యం. సముద్రం ఎంత వెడల్పుంటే ఎవరికి కావాలి?

ఫోన్ తీసి రెండు ఎయిర్‌పోర్టుల పేర్లూ కొట్టింది. మ్యాపు మీద ఒక గీత వచ్చింది. దాని కింద పన్నెండు వేల ఆరు వందల చిల్లర కిలోమీటర్లు, సుమారు పదహారు గంటలు అని ఉంది. ఆగకుండా, దిగకుండా, తిన్నగా పోయే విమానం ఒకటుంటే పట్టే సమయమది. అలాంటి విమానం లేదు. ఈ చీటీ రాసినవాడు కూడా ఇలాగే ఫోన్‌లో చూసి రాశాడు.

అబద్ధం ఆడినా అతికినట్టుండాలన్నారు పెద్దలు. వీడు ఖాళీగా వదలాల్సిన గడిని కూడా నింపి మరీ అతికించాడు. ఎందుకలా చేశాడో రేవతికి అర్థమైంది. పిల్లను సంచుల్లో కట్టేటప్పుడు హ్యాచరీలో ముందు అడిగే మాట ఒకటే: ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు? అల్లూరుకైతే రెండున్నర గంటలు, సంచికి ఇన్ని వేల పిల్ల. భీమవరానికైతే రాత్రంతా ప్రయాణం, పిల్లను తగ్గించాలి. ఆ లెక్క రోజూ వేసే చెయ్యి విమానాన్ని కూడా వ్యాన్ అనుకుంది. అంటే చీటీ రాసినవాడు బయటివాడు కాదు. ప్యాకింగ్ షెడ్డులో నిలబడి రోజూ ఆ లెక్క చెప్పేవాడు.

ఆ షెడ్డులో ఆ లెక్క చెప్పేది ఒక్కడే, హ్యాచరీ మేనేజరు పెంచలప్రసాద్. రేవతి అన్న.

అంత తెలిశాక గుండె దడదడలాడాలి కదా. ఆడలేదు. ఫైలు బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని, స్టూలు మీద కూర్చుంది. ఒంటిగంటకు అన్న అన్నం తెస్తాడు, అప్పుడు అడగొచ్చు అనుకుంది.

పెంచలప్రసాద్ ఒంటిగంటకు ఐదు నిమిషాల ముందే వచ్చాడు. ఐదు నెలలుగా వస్తూనే ఉన్నాడు. భార్య కామాక్షి కట్టిచ్చిన క్యారియర్ తెచ్చి, చెల్లెలు తినేదాకా ఎదురుగా కూర్చోవడం అతనికి అలవాటైపోయింది. ఆ పని తల్లి కూడా చెయ్యదని హ్యాచరీలో అందరూ మెచ్చుకునేవాళ్ళు.

"మీ వదిన చుక్కకూర పప్పు పంపినాది. ఎండు నెత్తళ్ళు కూడా వేయించినాది. చల్లారిపోతాది, తిను," అంటూ గిన్నెలు విప్పాడు. తనకూ ఇంత కలుపుకున్నాడు.

రేవతి రెండు ముద్దలు తిన్నది. పప్పులో పులుపుందో లేదో ఆమెకు తెలియలేదు.

"అన్నా, హోనొలులు నుంచి మద్రాసుకి ఫ్లైటు ఎంతసేపు?"

"పదహారు గంటలు," అన్నాడు పెంచలప్రసాద్, నెత్తళ్ళ తలలు తుంచుతూ.

అల్లూరెంత దూరమని అడిగితే చెప్పినట్టు చెప్పేశాడు. చెప్పాక చెయ్యి ఆగింది. తలెత్తి చూస్తే చెల్లెలి మోచేతి కింద ఫైలుంది, దాని మీద ముప్పై ఒకటి అంకె ఉంది.

"షాహుల్‌ని అడిగితే ఒకటిన్నర దినం అంటాడు. నువ్వు మాత్రం పదహారంటా ఉండావు," అంది రేవతి.

"నేనేమన్నా విమానం ఎక్కినానా? ఎవరో అంటే విన్నా."

"ఎక్కలేదు కాబట్టే పదహారు రాసినావు. ఆ తల్లులు యాడియన్నా?"

గొంతు పెంచలేదు. ట్యాంకులో ఉప్పెంతుందని అడిగే గొంతుతోనే అడిగింది. అరిచి ఉంటే పెంచలప్రసాద్ తానూ అరిచేవాడు, ఏదో ఒకటి చెప్పి దాటేసేవాడు. ఆ చప్పటి గొంతు మీద అరవడం అతనికి చేతకాలేదు. కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూసి, చెప్పడం మొదలుపెట్టాడు.

"డిసెంబర్‌లో రావాల్సిన పెట్టెలు దోవలో ఎయిర్‌పోర్టులో రెండు దినాలు ఆగిపోయినాయమ్మా. పొగమంచంట. పెట్టెలు తెరిస్తే ఒక్కటి కదల్లేదు. ఇక్కడ రైతులేమో గుంటలు దున్నుకొని, నీళ్ళు పెట్టుకొని కూర్చోనుండారు. మన అయ్య, పద్మనాభయ్య గారు, నన్ను పిలిచి, 'పెంచలా, ఈ తూరి పిల్ల ఇయ్యకపోతే మళ్ళా మన గేటు తొక్కేవాడుండడు, ఏదో ఒకటి చూడు' అనె. చూసినాను."

"ఏం చూసినావు?"

"గుంటల్లో పెరిగిన పెద్ద రొయ్య. అంతకు ముందు పంటలో జబ్బొచ్చినా తట్టుకొని నిలిచినయి. చెయ్యంత ఉండాయి. అంత గట్టివాటికి పుట్టిన పిల్ల ఇంకా గట్టిగా ఉంటాదనుకున్నా."

"గట్టివి కాదన్నా అవి. జబ్బు మోసేవి."

"ఇప్పుడు తెలిసినాది."

"పిల్లకి టెస్టు నేనే చేస్తినే. ఏమీ కనపడలేదే."

"కొంచెమే ఉంటే దొరకదని నువ్వే చెప్తావు గదా," అన్నాడు నేల చూస్తూ.

అవును, ఆమే చెబుతుంది. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు చెప్పే పాఠమే అది. పరీక్షకు దొరకనంత కొద్దిగా జబ్బు ఉండొచ్చు, అందుకే తల్లి ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం చూడాలి, కాగితం చూశాకే సంతకం పెట్టాలి. ముప్పై ఒకటో బ్యాచ్‌కు ఆమె కాగితం అడిగింది. ఫైలులో ఉందిలేమ్మా అని అన్న అన్నాడు. అన్న మాట మీద సంతకం పెట్టింది. మొగుడు ఆ సంతకం చూసి పిల్ల తీసుకున్నాడు. ఎక్కడా పొరపాటు లేకుండా వరస కుదిరింది. రేవతి ఆ వరసను మనసులో రెండుసార్లు చదువుకుంది, వేరేవాళ్ళ రిపోర్టు చదివినట్టు. ఐదు నెలలుగా ఈ మనిషి రోజూ క్యారియర్ మోసుకొచ్చింది ప్రేమతోనా, భయంతోనా? రెండూ అయి ఉండొచ్చని తోచింది. దానికి కూడా ఆమెకు కోపం రాలేదు.

"అయితే జబ్బు మా గుంటలో పుట్టలేదు. ఇక్కణ్ణించి వచ్చింది," అంది. "ఆ పదమూడు గుంటలోళ్ళు కూడా ఈ పిల్లే వేసినారు. ఆయన నీళ్ళు వదల్లేదు. ఆయన తప్పేమీ లేదు. ఈ మాట మా అత్తకి చెప్పాల. ఊళ్ళో చెప్పాల."

పెంచలప్రసాద్ లేచి చెయ్యి కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. తుడుచుకుంటూ, గోడ వైపు తిరిగి అన్నాడు.

"ఆ తల్లులు మీ గుంటలోవేనమ్మా."

రేవతి గిన్నెకు మూత పెట్టింది.

"బావే పట్టించి ఇచ్చినాడు. కావాలంటే కాగితం కూడా నేనే చూస్తా అన్నాడు. ఫోన్‌లో దూరం చూసి ఆ చీటీ రాసింది బావే. నీకు తెలిస్తే ఒప్పుకోవని చెప్పొద్దన్నాడు. పోయిన మనిషి మీద ఎందుకులే అని ఇన్నాళ్ళూ గమ్మున ఉన్నా."

చెప్పేసి, చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. కంప్యూటర్‌లో కొట్టించిన కాగితం. నా భర్త శివశంకర్ తన గుంటలోని రొయ్యలను విదేశీ తల్లులని చెప్పి, దొంగ చీటీతో హ్యాచరీకి అంటగట్టినట్టు నాకు తెలుసును అని ఉంది. కింద ఆమె పేరు, సంతకానికి చోటు.

"సోమవారం వాళ్ళొస్తే ఇది చూపిస్తాం. అయ్యా మునగడు, నేనూ మునగను. నీ ఉద్యోగం నీకుంటాది. పోయినోణ్ణి ఎవరూ జైల్లో పెట్టరు గదా రేవతీ. బతికున్నోళ్ళం మనం."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. తగిలినప్పుడు మనిషన్నవాడు అబ్బా అనాలి. రేవతి అనలేదు. ఆయన అలా చేసి ఉంటాడా అని ఆలోచించబోయింది కానీ ఆలోచన ముందుకు కదల్లేదు. శివశంకర్ ఇంగ్లీషు అక్షరాలు రాయడం ఆమె చూసింది లేదు. మేత పుస్తకం కూడా తెలుగులోనే రాసుకునేవాడు. కానీ మొగుడి గురించి అన్నీ తెలుసని ఏ భార్య ప్రమాణం చేస్తుంది? చీటీ మీదున్నవి నాలుగు పెద్దక్షరాలు, ఇన్ని అంకెలు. ఎవరైనా రాయొచ్చు.

అన్న పెన్ను మూత తీసి ఇచ్చాడు. ఆమె అందుకుంది. ఈ ఐదు నెలల్లో ఎన్ని సంతకాలు పెట్టలేదు. ఆస్పత్రి కాగితం మీద పెట్టింది, కరెంటు ఆఫీసు కాగితం మీద పెట్టింది, గుంటలను హజరత్తయ్యకు కౌలుకిస్తూ పెట్టింది. సంతకం పెడితే ఎదుటివాళ్ళు లేచి వెళ్ళిపోతారు, మళ్ళీ గది ఖాళీ అవుతుంది. ఆమెకు కావలసింది అంతే.

పెన్ను కాగితానికి ఆనించాక అడిగింది, "ఒక్క తూరేనా అన్నా, ఇట్టా చేసింది?"

"ఒక్క తూరే. పెంచలకోన స్వామి తోడు. ఆ తర్వాత అన్నీ విమానంలో వచ్చినవే."

అన్న ఒట్టు వేయకపోయినా రేవతి నమ్మేదేమో. కానీ ల్యాబ్‌లో ఒక్క శాంపిల్ చూసి ఎప్పుడూ ఫలితం రాయదు. రెండోది చూస్తుంది, మూడోది కూడా చూస్తుంది. మనసు మొద్దుబారినా చేతికి ఆ అలవాటు పోలేదు. పెన్ను కింద పెట్టి అల్మారా దగ్గరికి నడిచింది.

"ఏందమ్మా? ఎందుకిప్పుడు?"

ముప్పై రెండో ఫైలు తీసింది. ముప్పై తొమ్మిది గంటలు, దూరం గడి ఖాళీ. ముప్పై మూడోది నలభై గంటలు, అదీ ఖాళీయే. అన్న వెనక నుంచి, "చెప్తినే, వినవే," అంటున్నాడు. ముప్పై నాలుగోది తీసింది.

పన్నెండు వేల ఆరు వందల కిలోమీటర్లు. పదహారు గంటలు.

అవే పెద్దక్షరాలు, అదే నీలి పెన్ను. తేదీ చూసింది, జూలై ఇరవై ఎనిమిది. శివశంకర్ పోయింది ఏప్రిల్ పధ్నాలుగున. వేలి మీద నెలలు లెక్కపెట్టుకుంది. ఏప్రిల్, మే, జూన్, జూలై. పొరపాటు పడకూడదని మళ్ళీ లెక్కపెట్టింది.

"ఇది కూడా ఆయనే రాసినాడా?"

మొగుడు దొంగ కాడని ఆ క్షణంలో రేవతికి తెలిసింది. తెలిసిన ఆ సుఖం మాత్రం ఒక్క కాగితం తిప్పేంతసేపే నిలిచింది. మూడో కాగితం పిల్ల ఆరోగ్య పత్రం, ఆగస్టు నెలాఖరుది. తల్లి రొయ్యల ప్రయాణ కాగితాలు స్వయంగా పరిశీలించితిని అని అచ్చయి ఉన్న వాక్యం కింద తన సంతకం ఉంది. పెట్టినట్టు గుర్తు కూడా లేదు. ఎదురుగా పెట్టారు, పెట్టింది. ముప్పై ఒకటో బ్యాచ్‌కు అన్న మాట నమ్మింది. దీనికి నమ్మడం కూడా లేదు, అడగనే లేదు.

నాలుగో కాగితం ఆ పిల్ల తీసుకున్న రైతుల జాబితా. మొత్తం ఇరవై రెండు పేర్లు. మొదటి పేరు హజరత్తయ్య, అల్లూరు.

తమ గుంటలు కౌలుకు తీసుకున్న మనిషి. పిచ్చమ్మకు ఊళ్ళో ఎదురుపడి పలకరించే ఒకరిద్దరిలో ఒకడు. రేవతి ఫోన్ తీసి నంబరు నొక్కింది. అన్న, "ఎవరికి చేస్తా ఉండావు?" అన్నాడు. ఒక్క రింగుకే అవతల ఎత్తారు.

"రేవతమ్మా, నీకే చేద్దామనుకుంటా ఉండా," అన్నాడు హజరత్తయ్య. గాలికి మాట తెగుతోంది, చుట్టూ మనుషుల అలికిడి వినపడుతోంది. "పొద్దుటి నుంచి రొయ్య మేత ముట్టడం లేదమ్మా. తోకలు ఎర్రబారి గట్టుకి వస్తా ఉండాయి. ఒకటి పట్టి చూసినా. పైపెంకు మీద మచ్చలుండాయి."

"తెల్లవా పెదనాయనా?"

"తెల్లవే. ఊరోళ్ళు అప్పుడే గట్టెక్కినారు. శివశంకర్ పాపం ఇంకా ఆ నేలలోనే ఉండాదంటా ఉండారు. వాళ్ళ మాట నాకెందుకులే. నువ్వు సంతకం పెట్టిన పిల్ల గదా అని నేను ధైర్యంగా వేసినా. నువ్వు చెప్పమ్మా. పిల్ల మంచిదే గదా?"

పెంచలప్రసాద్ రెండు చేతులూ జోడించాడు. పెద్దవాడు, తనను ఎత్తుకుని పెంచినవాడు. కళ్ళనిండా నీళ్ళతో, వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు. చేతులు జోడించిన అన్నను చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. రేవతికి కూడా వేసింది. ఆ జాలి వెంట ఐదు నెలలుగా రాని ఏడుపూ కోపమూ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. అల్మారా పట్టుకుని నిలబడింది.

"మంచిది కాదు పెదనాయనా," అంది.

అవతల హజరత్తయ్య గట్టు మీదివాళ్ళను నోరు మూసుకోమని కసిరాడు.

"మంచిది కాదు. ఆ తూరిది కూడా మంచిది కాదు. ఆయన పాపం ఏమీ లేదు, ఇక్కడే చెడ్డ పిల్ల ఇచ్చినారు. సంతకం నాదే. తూము తెరవబాక, ఒక్క చుక్క కాలవలోకి పోకూడదు. గట్టు మీదున్నోళ్ళని యాడికీ పోవద్దను. కాగితాలు తీసుకొని నేనే వస్తా ఉండా."

ఫోన్ పెట్టేసి రెండు ఫైళ్ళూ చంకన పెట్టుకుంది. ఫైళ్ళు జారిపోతాయేమోనని గట్టిగా అదుముకుంది. పెంచలప్రసాద్ కళ్ళు తుడుచుకుని, ఆమె కంటే ముందు తలుపు దగ్గరికి నడిచాడు. తెరుస్తాడనుకుంది. అతను లోపలి నుంచి గడియ వేసి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఆ రెండూ బల్ల మీద పెట్టు రేవతీ," అన్నాడు.